తామరబిళ్ళ లేని ట్యాంకు

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి ఉమామహేశ్వరి స్కూటీ ఉప్పలగుప్తం అవతల రొయ్యల చెరువు గట్టు మీద ఆగింది. అప్పటికే అప్పలస్వామి పోలీసు జీపు వెనక సీట్లో తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. నలభై ఎనిమిదేళ్ళు ఇంజన్లు విప్పి బిగించిన చేతులు. ఎంత తోమినా గోళ్ళలో నలుపు పోని చేతులు. వాటికి ఇంకా బేడీలు పడలేదు. అవి ముందు సీటు మీద, అతనికి కనపడేలాగే పెట్టి ఉన్నాయి.

"నాలుగింటికి కోర్టులో హాజరు పరచాలండి మేడమ్ గారూ," అన్నాడు ఎస్సై దుర్గేష్ వాచీ చూసుకుంటూ. "మీ ఇన్సూరెన్సు కంపెనీ ఉత్తరం పంపింది కాబట్టి చూడనిస్తన్నాను. మూడింటికి నేను బయల్దేరిపోవాలి."

"మూడింటి దాకా అక్కర్లేదు లెండి."

"అంటే ముందే ఒప్పేసుకుంటారా?"

"ముందే తేలిపోవచ్చు అంటన్నాను."

దుర్గేష్ నవ్వాడు. చురుకైన కుర్రాడు, కోపమూ తక్కువే. కానీ ఒకసారి ఒక మాట అనేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం అలవాటు లేనివాడు. ఉమామహేశ్వరి ఇరవై రెండేళ్ళు పోలీసు శాఖలో చేసి, ఏఎస్సైగా ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున ప్రమాదాలు విచారిస్తోంది. ఇలాంటి కుర్రాళ్ళని చాలామందిని చూసింది. తనూ ఒకప్పుడు అలాగే ఉండేది.

కేసు కాగితం మీద చాలా తేలిగ్గా ఉంది. చనిపోయిన జనార్దన్ డాక్టరుగారి ఎర్ర కారు, ఆయన అన్నకొడుకు రాజేంద్ర షెడ్డులో ఉంటోంది. దాని పెట్రోలు ట్యాంకు కారుతోందని బుధవారం అప్పలస్వామిని పిలిపించి బాగు చేయించారు. గురువారం పొద్దున్న కారు తగలబడిపోయింది. కాపలా ఉన్న నాగబాబుకి ఎడమ చెయ్యి కాలింది. అతుకు ఊడి పెట్రోలు కారింది, నాగబాబు బీడీ నిప్పు తగిలింది, తప్పు మెకానిక్కుది. రాజేంద్ర ఫిర్యాదులో ఉన్నదింతే. డెబ్బై ఏళ్ళ వయసులో అప్పలస్వామి జైలుకి వెళ్ళాలి. జైలు సంగతి అలా ఉంచినా, కొత్తపేటలో అతని షెడ్డు ముందు ఇంక ఎవరూ బండి ఆపరు.

ఆమె జీపు దగ్గరికి వెళ్ళింది. "బాబాయ్ గారూ."

అతను తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "వచ్చేవా అమ్మా. నువ్వెందుకు ఈ ఎండలో."

"మీకు చుట్టమాండీ?" దుర్గేష్ వెనక నుంచి అడిగాడు.

"మా నాన్న లారీ నడిపేవారు. ఈయన బాగు చేసేవారు. ఆ చుట్టరికం."

"అయితే మీ రిపోర్టు ఎవరి పక్షాన ఉంటుందో నాకు తెలిసిపోయిందండి."

"రిపోర్టు రాయలేదింకా. రాశాక చదివి చెప్పండి. మీరు మాత్రం చూడకుండానే రాసేసినట్టున్నారు."

కానిస్టేబులు పక్కకి తిరిగి దగ్గాడు.

ఆమె జీపు మెట్టు మీదే కూర్చుని అడగడం మొదలుపెట్టింది. "బుధవారం ఎన్నింటికొచ్చేరు?"

"తొమ్మిదింటికమ్మా."

"ఏం చేసేరు, వరసగా చెప్పండి."

పని గురించి అడిగేసరికి అతని గొంతు కొంచెం నిలబడింది. "ఉన్న పెట్రోలు డబ్బాలోకి దింపేసేను. పట్టీలు విప్పి ట్యాంకు కిందకి దించేను. బట్టల సోడా కలిపిన నీళ్ళు పోసి నాలుగుసార్లు కడిగి ఎండలో పెట్టేను. అడుగున చిల్లు, సూది మొనంత. చుట్టూ తుప్పు. గీకేసేను. నిండా నీళ్ళు పోసి, మూతి బిగించి, ట్యాంకు బోర్లించి..."

"నీళ్ళెందుకు?" దుర్గేష్ అడ్డం వచ్చాడు.

"లోపల పెట్రోలు ఆవిరి నిలవకుండా అండి. ఖాళీ ట్యాంకు మీద వేడి పెడితే బాంబే. అందుకే నేను వెల్డింగు చెయ్యనండి. బొగ్గుల మీద ఇనుము కాచి కళాయితో అతుకుతాను. పాత ట్యాంకులన్నీ అలా చేసినవే కదండీ."

"అతుకు దేంతో వేసేరు?" అంది ఉమామహేశ్వరి.

అతను కొంచెం సిగ్గుపడ్డాడు. "నీకు తెల్దా అమ్మా. ఇరవై పైసల బిళ్ళ."

ఆమెకి తెలుసు. ఇందిరమ్మ కాలం నాటి ఇత్తడి ఇరవై పైసలు, ఒకవైపు తామరపువ్వు. ఆ నాణేలు చెల్లకుండా పోయిన రోజుల్లో అప్పలస్వామి కొబ్బరిచిప్ప నిండా పోగేసుకున్నాడు. ఇత్తడికి కళాయి బాగా పడుతుంది, బిళ్ళ గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూల లేవదు. నాన్న లారీ ట్యాంకుకి మూడు ఉండేవి. ట్యాంకు కింద దూరి లెక్కపెట్టడం చిన్నప్పుడు ఆమెకో ఆట. తామరపువ్వు ఎప్పుడూ బయటికే ఉండేది. అమ్మవారు కూర్చునే పువ్వుని పెట్రోల్లో ముంచకూడదని అప్పలస్వామి నియమం.

"కారుకి ఎన్ని వేసేరు?"

"ఒక్కటే. అయిదింటికల్లా ట్యాంకు బిగించేసి, రెండు లీటర్లు పోసి చూసేను. చుక్క పడలేదు."

"మరి అతుకు ఎందుకూడింది?"

అప్పలస్వామి మళ్ళీ తల దించేసుకున్నాడు. "తప్పు నాదేనమ్మా. రాసేసుకోండి."

"ఏ తప్పు?"

"ఎక్కడో జరిగే ఉంటుంది."

"ఎక్కడ?"

నలభై ఎనిమిదేళ్ళలో ఒక్క బండీ కాలనివ్వని మనిషి, ఎలా కాలిందో చెప్పకుండానే ఒప్పేసుకుంటున్నాడు. మంచివాడికి దేవుడు తోడుంటాడని ఆమె తల్లి చెప్పేది. ఉంటాడు, ఆమె కాదనదు. కానీ మంచివాడే నోరు విప్పకపోతే దేవుడు మాత్రం ఏ సాక్ష్యం చూసి తీర్పు చెప్పాలి?

"చూసేరుగా," అన్నాడు దుర్గేష్. "నేను కొట్టలేదు, తిట్టలేదు. నిన్నట్నించీ ఇదే మాట."

ఆమె లేచి షెడ్డులోకి నడిచింది.

నాలుగు చక్రాల చోట నాలుగు తీగచుట్టలు. వాటి మధ్య నల్లటి అస్థిపంజరం. సీట్లలో స్ప్రింగులు మిగిలాయి. ఒక్క క్షణం ఆమె విచారణ మర్చిపోయింది.

కోనసీమలో ఆ కారుని ఎరగనివాళ్ళు లేరు. ఇంగ్లండులో తయారై, మద్రాసు మీదుగా డాక్టరుగారి చేతికొచ్చిన రెండు సీట్ల కారు. పైకప్పు గుడ్డది. ఆయన దాన్ని ఎప్పుడూ వేసేవాడు కాదు. వానలో కూడా టోపీ పెట్టుకుని, చేల మధ్య రోడ్డు మీద పురుళ్ళకి వెళ్ళేవాడు. ఎర్రగా ఏదో దూరం నుంచి కదిలొస్తుంటే నాట్లు వేసే ఆడవాళ్ళు నడుం ఎత్తి, ఎవరింట్లో బిడ్డ పుడుతోందో అని చెప్పుకునేవారు. ఉమామహేశ్వరికి ఆరేళ్ళప్పుడు విషజ్వరం వచ్చింది. తెల్లారగట్ల అమ్మ ఒళ్ళో ఆమెని పడుకోబెట్టి, డాక్టరుగారు అమలాపురం తీసుకెళ్ళాడు. నాన్నకి చోటు లేక వెనకాల సైకిలు తొక్కాడు. మొహానికి కొట్టిన ఆ చల్లగాలి ఆమెకి ఇప్పటికీ గుర్తే. సూదిమందు వల్ల కాదు, ఆ గాలి వల్లే జ్వరం దిగిందని చాలా ఏళ్ళు నమ్మింది. అమ్మా లేదు, డాక్టరుగారూ లేరు. కారు కూడా పోయిందంటే ఆ పొద్దుటి చల్లదనానికి సాక్ష్యం ఇంకెవరు?

ఆమె కొంగు నడుముకి దోపుకుంది.

"బస్తా ఒకటి పరవండి. కాస్త కొబ్బరిపీచు, ఒక జల్లెడ కావాలి."

"జల్లెడెందుకండీ?" అన్నాడు దుర్గేష్.

"జల్లించడానికి."

ఆమె బస్తా మీద వెల్లకిలా పడుకుని కారు వెనక భాగం కిందకి జరిగింది. టార్చి వెలుగులో ట్యాంకు అడుగు కనపడింది. పీచుతో మసి తోమింది. ఒక చివర నుంచి మొదలుపెట్టి రెండో చివర దాకా, చెయ్యి నొప్పెట్టేదాకా తోమింది. నల్లటి ఇనుము, గోధుమరంగు తుప్పు. అంతే. తర్వాత ట్యాంకు కింద పడ్డ బూడిదంతా జల్లెడలోకి ఎత్తించింది. రెండు నట్లు, ఒక స్ప్రింగు, పెట్రోలు మూత మిగిలాయి. మూత అల్యూమినియంది, ఒక పక్క కరిగి వంకరపోయింది.

"బాబాయ్ గారూ," బయటికి వచ్చి ఆమె గట్టిగా అడిగింది. "మంటలో కళాయి కరుగుతుందా?"

"కరిగిపోద్దమ్మా."

"బిళ్ళ?"

"ఊడి కింద పడద్ది. కరగదు. ఇత్తడి కరగాలంటే కొలిమి కావాలి."

"కళాయి పడ్డచోట ఏం మిగుల్తుంది?"

"మచ్చ. ఓసారి కళాయి పట్టేక ఇనుముని వదలదు. ఆకురాయి పెట్టి గీకినా తెల్లగా అగుపిస్తానే ఉంటది."

ఆమె కరిగిన మూతని దుర్గేష్ చేతిలో పెట్టింది. "ఎస్సైగారూ, అల్యూమినియమే సగం కరిగి ఆగిపోయింది. ఇత్తడి ఉండాలి కదా? బూడిదలో బిళ్ళ లేదు. ట్యాంకు మీద తెల్ల మచ్చా లేదు. చిల్లు కూడా లేదు. మీరే దూరి చూడండి."

దుర్గేష్ యూనిఫారం వంక చూసుకున్నాడు. ఒక్క నిమిషం తటపటాయించి బస్తా మీద పడుకున్నాడు. ఆ మాటకొస్తే అది అతని గొప్పే. మూడు నిమిషాల తర్వాత చొక్కా నిండా మసితో లేచాడు.

"అంటే ఈయన అసలు అతుకే వెయ్యలేదంటారా?"

"ఈ ట్యాంకుకి వెయ్యలేదు. ఇది ఆయన చేతిలో పడ్డ ట్యాంకు కాదు. ఇది డాక్టరుగారి కారూ కాదు."

"నంబరు ప్లేటు ఉందండీ!"

"ప్లేటు మార్చడానికి రెండు స్క్రూలు చాలు. ఇలాంటి కారు డొక్కు ఒకటి దొరికితే సరిపోయింది. కాలిపోయేక అన్నీ ఒకేలా ఉంటాయి."

జీపులో అప్పలస్వామి నిటారుగా కూర్చున్నాడు. ఈ మాటకి అతని మొహం తేలికపడుతుందని ఆమె ఎదురుచూసింది. తేలికపడలేదు.

దుర్గేష్ అంత తేలిగ్గా లొంగలేదు. "మరి నాగబాబు చెయ్యి ఎలా కాలింది? పదకొండూ ఇరవైకి పొగ చూసి, నీళ్ళు పోస్తుంటే కాలిందని వాంగ్మూలం ఇచ్చేడు. పదకొండూ ఇరవై ఒకటికి ఫైరింజనుకి ఫోను వెళ్ళింది. రికార్డుంది."

"పిలవండి అతన్ని."

నాగబాబు ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ముప్పై అయిదేళ్ళవాడు. మస్కట్ వెళ్ళి ఆరేళ్ళు ఉండి వచ్చాడు. ఉమామహేశ్వరి అతనికి తన సీసాలో మంచినీళ్ళిచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"ఆయ్. మంటగా ఉందండి."

"ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళేరు?"

"నేనే అండి. బండి మీద."

"ఒంటిచేత్తోనా? చీటీ ఇచ్చేరా?"

ఇచ్చారు. నష్టపరిహారానికి పనికొస్తుందని భద్రంగా చొక్కాజేబులో, ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. ఆమె దాన్ని చదివి, వేలితో ఒక చోట నొక్కి పట్టుకుని దుర్గేష్‌కి చూపించింది. కంప్యూటర్లో అచ్చయిన తేదీ, దాని పక్కన టైము. పది నలభై రెండు.

"పదకొండూ ఇరవైకి అంటుకున్న మంటకి, పదీ నలభై రెండుకి కట్టు కట్టించుకున్నావా నాగబాబూ?"

నాగబాబు చీటీ వెనక్కి తీసుకోబోయాడు.

దుర్గేష్ గొంతు మారింది. "ఏరా?"

"ఉండండి," అంది ఆమె. "ముందు ఇంకోటి అడగనివ్వండి. ఆ మేత బస్తాలు బయటెందుకున్నాయి?"

షెడ్డు పక్కన గట్టు మీద ఇరవై దాకా రొయ్యల మేత బస్తాలు, బరకం కప్పి ఉన్నాయి. పది అడుగుల దూరంలో మేత గోడౌను, దానికి తాళం. ఆమె మరిది చెరువులు చేస్తాడు. రొయ్యల రైతు తను వానలో తడుస్తాడేమో కానీ మేతని మంచులో పెట్టడు. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ఆ మేత తిన్న చెరువు చెరువంతా పోతుంది.

"గోడౌను... బాగుచేయిస్తన్నారండి."

"తాళం తియ్యి."

మొలతాడుకున్న తాళంచెవి తీసి ఇచ్చేశాడు. తలుపు తోసేసరికి ముందు వాసన వచ్చింది. మేత వాసన కింద ఇంకో వాసన. గోడౌను ఖాళీ. సిమెంటు నేల మీద మేత పొడిలో సన్నటి టైరు జాడలు లోపలికి వచ్చి, మళ్ళీ బయటికి వెళ్ళాయి. మధ్యలో కంచమంత వెడల్పున పొడి తడిసి ముద్దకట్టి ఉంది. ఆమె చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్రోలు.

నాగబాబు గుమ్మంలోనే చతికిలబడిపోయాడు. "నా పిల్లల మీద ఒట్టండి, అప్పలస్వామిగారి మీదకి వస్తదనుకోలేదండి. మద్రాసు నించి ఎవరో వచ్చి కారు చూసేరండి. అమ్మితే డాక్టరుగారి బండి అమ్ముకున్నాడని ఊరూరూ కాండ్రించి ఉమ్మేస్తారని రాజేంద్రగారికి భయమండి. కాలిపోయిందంటే అయ్యో అంటారు కదా అనేరు. డొక్కు ఒకటి తెప్పించి అంటించమన్నారండి. అంటించబోతే నా చెయ్యే అంటుకుందండి. ముందు ఆసుపత్రికి పరిగెత్తేను. తిరిగొచ్చేక ఫోను చేసేను."

కారు అమ్మడం కంటే, అమ్మాడని పేరు రావడమే ఎక్కువ భయం. ఉమామహేశ్వరికి కోపం రావలసిందే. కానీ ముందు ప్రాణం లేచొచ్చింది. ఎర్ర కారు బతికే ఉంది.

"ఇప్పుడెక్కడుంది?"

"ఎస్సైగారు మెకానిక్కుగారి కోసం కొత్తపేట వెళ్ళేరని తెలిసి, ఇవాళ పన్నెండున్నరకి మూసిన వ్యానులోకి ఎక్కించేరండి. రాజేంద్రగారు కూడా ఎక్కేరు. వంతెనల మీద కెమెరాలుంటాయని సఖినేటిపల్లి రేవుకి పోయి, బళ్ళు దాటించే పంటు మీద గోదారి అవతలికి దాటించేస్తామన్నారు."

దుర్గేష్ వెంటనే జీపు వైపు తిరిగాడు. ముందు సీటు మీది బేడీలు తీసి కానిస్టేబులు మీదకి విసిరేశాడు. "మీరు దిగండి పెద్దాయనా. మీ మీద కేసు లేదు. పొరపాటైపోయింది."

అప్పలస్వామి దిగాడు. కానీ పక్కకి వెళ్ళలేదు, గోడౌను వైపే చూశాడు. "ఎంత కారిందమ్మా లోపల?"

"కంచమంత మచ్చ. రెండ్రోజులది."

"పెట్రోలు మళ్ళీ పోసేరా?"

"ఎక్కించడానికి స్టార్టు చెయ్యాలి కదండీ," అన్నాడు నాగబాబు. "పది లీటర్లు పోసేరు."

ముసలాయన ఆమె దగ్గరికి వచ్చాడు. అప్పుడు చెప్పాడు, రెండు రోజులుగా పళ్ళ మధ్య బిగబట్టిన మాట. "చిల్లు ఒకటి కాదమ్మా. రెండు. గొట్టం కలిసేచోట నట్టు దగ్గర రెండోది. దాని వాషరు మన దగ్గర దొరకదు. శనివారానికి రాజమండ్రి నించి వస్తదన్నారు. రాజేంద్రబాబు ఆ రోజే అయిపోవాలని ఒకటే తొందర. దారం చుట్టి..." తల పక్కకి తిప్పుకున్నాడు. "దారం చుట్టి, బట్టల సబ్బు రుద్దేసేను."

ఆమెకి అర్థమైంది. రోడ్డు మీద ట్యాంకు కారితే లారీవాళ్ళు సబ్బు రుద్దుకుని ఇంటికి చేరతారు. సబ్బుతో సరిపెట్టేవాడు మెకానిక్కే కాదని కొత్తపేట షెడ్డులో ఎందరికో చెప్పి, ఎందరినో తిట్టిన నోరు అది.

"నా సబ్బు వల్లే కాలిందనుకున్నానమ్మా. నలుగురిలో ఆ మాట చెప్పలేక తప్పు నాదేనన్నాను. జైలు కన్నా అదే సిగ్గనిపించింది. నిలబడ్డ బండికి సబ్బు కొంతైనా ఆగద్ది. గతుకుల్లో రెండు గంటలు ఊగిన బండికి ఆగదు. ఆ వ్యానులో గాలాడదు. లోపలంతా ఆవిరే. చిన్న నిప్పురవ్వ చాలు."

రెండూ ఇరవై అయిదు. రాజేంద్ర ఫోను స్విచ్చాఫ్‌లో ఉంది. దుర్గేష్ రేవులో టిక్కెట్లు కోసే మనిషి నంబరు సంపాదించి స్పీకరు పెట్టాడు. అవతల ఇంజను డబడబల మధ్య ఒక గొంతు వినపడింది.

"ఆయ్, ముత్యాలరాజునండి. పంటు మీదున్నానండి, చెప్పండి."

"మూసిన వ్యాను ఏదైనా ఎక్కిందా?"

"ఎక్కిందండి, తెల్ల వ్యాను. ఎక్కించుకుని గేటేసేసేం. రేవు వదిలి అయిదు నిమిషాలైంది."

"ఇంకెవరున్నారు మీద?"

"బళ్ళు ఓ పదిహేను ఉంటాయండి. పెళ్ళివారు నలభై మంది. పెళ్ళికూతుర్ని దిగబెట్టడానికి పోతన్నారండి. వ్యాను పక్కనే నీడగా ఉందని అక్కడ సర్దుకున్నారు. ఏదో పెట్రోలు వాసనొస్తందంటన్నారు, బళ్ళున్నాయి కదమ్మా వస్తది మరి అన్నాను."

దుర్గేష్ నోరు తెరిచాడు. ఏం చెప్పాలో తెలియలేదు. తలుపులు తియ్యమనాలా, తియ్యొద్దనాలా? మనుషుల్ని ఎటు జరపాలి? ఉమామహేశ్వరి వైపు చూశాడు. ఆమె అప్పలస్వామి వైపు చూసింది.

ముసలాయన చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు.

"బాబూ ముత్యాలరాజూ. నా పేరు అప్పలస్వామి. కొత్తపేటలో మెకానిక్కుని. ఆ వ్యానులో ఉన్న కారు ట్యాంకు నేనే అతికేను. సగం పని చేసేను. కారతంది. నేను చెప్పినట్టు చెయ్యి. ముందు జనాన్ని గాలి వచ్చే వైపుకి జరుపు, పరుగులు పెట్టించకు. బళ్ళేవీ స్టార్టు చెయ్యనివ్వకు. ఎవరూ బీడీ కాల్చకూడదు, అగ్గిపుల్ల గీయకూడదు."

అవతల ఇంజను చప్పుడే. తర్వాత ముత్యాలరాజు గొంతు సన్నగా, నెమ్మదిగా వచ్చింది.

"పెళ్ళివారు పళ్ళెంలో కర్పూరం పెట్టేరండి. నడి గోదాట్లోకొచ్చేం కదా, గోదారమ్మకి హారతిస్తామని... ఇదిగో, పెళ్ళికూతురి చేతికి అగ్గిపెట్టె ఇస్తన్నారండి."